చర్మవర్ణము – లేజరు కాంతి

ఎండ బాగుగా కాయుచున్న వేళ ఒక భూతద్దమును, ఒక తెల్లకాగితమును తీసికొని, కాగితముపై సిరాతో నువ్వుగింజంత చుక్కను పెట్టి, అద్దముద్వారా సూర్యకాంతిని ఆ చుక్కపై కేంద్రీకరించినచో ఒక వింత కనబడును. కొద్ది క్షణములలో చుక్క ఉన్నచోటనే పొగ లేచును. చుట్టునున్న తెల్లని భాగము అంత త్వరగా మాడదు. కాంతి రెండింటిపైనను ఒక్క తీరుననే పడినది. కాని నలుపు దానిని మ్రింగి వేడిగా మార్చుకొన్నది. తెలుపు దానిని చాలవఱకు త్రిప్పి పంపివైచినది. ఇప్పుడు తెల్లకాగితమునకు బదులు ముదురు గోధుమరంగు కాగితమును తీసికొని, దానిపై అట్టి చుక్కనే పెట్టి, మరల ప్రయోగము చేసిచూడవలెను. ఈసారి చుక్కతోబాటు కాగితమును మాడును. (ఈ ప్రయోగమును ఉపాధ్యాయుని సమక్షముననే చేయవలెను, అద్దముద్వారా సూర్యుని ఎన్నడును చూడరాదు.)

చుక్కను మాత్రమే కాల్చి గోధుమరంగు కాగితమును కాపాడుట ఎట్లు? లేజరు కాంతితో చర్మమునకు చికిత్స చేయు వైద్యులు అనేక సంవత్సరములు ఎదుర్కొన్న ప్రశ్న ఇదియే. భారతదేశము, ఆఫ్రికా, అరబ్బు దేశములు మొదలగు ప్రాంతముల ప్రజలకు ఈ ప్రశ్నతో ప్రత్యక్షసంబంధము కలదు. లోకములోని జనులలో అధికసంఖ్యాకుల చర్మము తెల్లకాగితమువంటిది కాదు.

చర్మమునకు రంగునిచ్చు పదార్థమునకు మెలనిన్ అని పేరు. చర్మముయొక్క పైపొరను బాహ్యచర్మ మందురు. అది శరీరముపై చాలచోట్ల కాగితమంత పలుచన; దాని మందము మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. ఆ పొర అడుగున మెలనిన్‌ను తయారుచేయు కణములు అమరియున్నవి. ఇట్టి కణము ఒక్కొక్కటి తన శాఖలను చాచి, చుట్టునున్న సుమారు ముప్పదియాఱు కణములకు మెలనిన్‌ను చిన్నచిన్న మూటలుగా కట్టి పంచిపెట్టుచుండును. నల్లనివారిలోను తెల్లనివారిలోను మెలనిన్‌ను తయారుచేయు కణముల సంఖ్య ఇంచుమించు సమానమే. మూటల పరిమాణములోను, సంఖ్యలోను, అవి ఎంతకాలము కరగక నిలుచుననుటలోను మాత్రమే భేదము కలదు. ఇంత స్వల్పమైన భేదమునుబట్టి మనుష్యులు ఒకరినొకరు ఎక్కువతక్కువలుగా ఎంచుకొనుట ఆశ్చర్యమే.

మెలనిన్ శరీరమునకు గొడుగువంటిది. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మకణముల లోపలికి చొచ్చి హాని చేయకుండ అది అడ్డుపడును. 1979లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, చర్మమును కమలజేయు కిరణములలో తెల్లనివారి బాహ్యచర్మముగుండ నూటికి సుమారు 24 వంతులును, నల్లనివారి బాహ్యచర్మముగుండ సుమారు 7 వంతులును మాత్రమే లోనికి పోవుచున్నట్లు తేలినది. పొలములో దినమెల్ల పనిచేయు రైతునకు ఈ గొడుగు చేయు మేలు ఇంతింత కాదు. అయితే గొడుగు కాంతిని అడ్డగించునది దానిని మ్రింగుటద్వారానే. ఎండ మెల్లమెల్లగా పడును గనుక ఆ వేడి ఎప్పటికప్పుడు చల్లారిపోవును. లేజరు అట్లు కాదు. సెకండులో వేయవ వంతులలో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎంతో తక్కువ కాలములో, మిక్కుటమైన శక్తిని బఠాణీగింజంత చోట కుమ్మరించును. అప్పుడు కాపాడవలసిన గొడుగే అంటుకొనును.

లేజరుకు మూలమైన భావమును 1917లో ఐన్‌స్టీన్ ప్రకటించెను. 1960వ సంవత్సరము మే 16వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు కెంపుకడ్డీనుండి మొదటి లేజరు కిరణమును పుట్టించెను. ఆ కాంతి ముదురు ఎఱుపు. దాని తరంగదైర్ఘ్యము 694 నానోమీటర్లు. నానోమీటరు అనగా మీటరులో వందకోట్లవ వంతు. సిన్‌సినాటి నగరమున లియోన్ గోల్డ్‌మన్ అను చర్మవైద్యుడు కొలది కాలములోనే ఆ కిరణమును చర్మముపై పరీక్షించి, నల్లని రోమములవంటి రంగుగల భాగములు దెబ్బతినుచుండగా రంగులేని చర్మము అంతగా దెబ్బతినుట లేదని 1963లో తెలియజేసెను. భూతద్దము, సిరాచుక్కల కథయే ఇది.

ఈ పరిశీలనమునకు చక్కని సిద్ధాంతరూపము లభించుటకు మఱి ఇరువది సంవత్సరములు పట్టినది. 1983లో బోస్టన్ నగరమున రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అను వైద్యులు ఒక వ్యాసము ప్రకటించిరి. శరీరములోని ఏ భాగమును నశింపజేయవలెనో ఆ భాగము ఎక్కువగా మ్రింగెడి రంగుకాంతిని ఎన్నుకొనవలెను. ఆ కాంతిని ఆ భాగము చల్లారుటకు పట్టు కాలముకంటె తక్కువ కాలములో పంపవలెను. అప్పుడు వేడి ఇరుగుపొరుగునకు ప్రాకకమునుపే పని ముగియును. వారి మాటల సారాంశ మిది. ఇంతకుమించి సూక్ష్మమైన శస్త్రచికిత్సను కత్తితో చేయుట అసాధ్యము. పుట్టుకతో ముఖముపై వ్యాపించిన ఎఱ్ఱమచ్చలకును, పచ్చబొట్లకును, అవాంఛిత రోమములకును నేడు జరుగుచున్న చికిత్సలన్నియు ఈ సూత్రముపైననే ఆధారపడియున్నవి.

రోమముల చికిత్స మొదటిలో ఎవరిపై పరీక్షింపబడెనో గమనించవలెను. 1996లో బోస్టన్‌నుండి వెలువడిన పరిశోధనలో కెంపులేజరును తెల్లని చర్మమును, నల్లని లేక గోధుమరంగు రోమములును గల కొలదిమందిపై ప్రయోగించిరి. వారి చర్మము తెల్లకాగితము, రోమము సిరాచుక్క. ఫలితము బాగుగనే వచ్చినది. అదే యంత్రమును, అదే శక్తితో చామనచాయ చర్మముపై ప్రయోగించినచో కిరణము రోమమూలమును చేరకముందే పైపొరలోని మెలనిన్ దానిని మ్రింగును. రోమమూలము కొన్ని మిల్లీమీటర్ల లోతున క్షేమముగా నుండును, పైచర్మము మాడును.

అట్లు మాడినప్పుడు కనబడు గుర్తులు విచిత్రముగా నుండును. యంత్రపు కొన గుండ్రనిదైనచో గుండ్రని మచ్చలు, పలకగానున్నచో పలకలు, వరుసవరుసగా ముఖముపై తేలును. తెల్లని చర్మమున ఎఱ్ఱదనము కొలది దినములలో పోవును. ముదురురంగు చర్మము ఏ గాయమునకైనను మెలనిన్‌ను అధికముగా ఉత్పత్తిచేసి బదులు చెప్పును. కావున వాపు తగ్గిన పిదపగూడ నల్లమచ్చలు నెలల తరబడి నిలుచును. ఇవియైన క్రమముగా వాడిపోవును. మెలనిన్‌ను తయారుచేయు కణములే నశించినచో తెల్లమచ్చ ఏర్పడును. అది ఒక్కొక్కప్పుడు శాశ్వతముగా నిలిచిపోవును. మఱికొందఱిలో గాయము మానునపుడు కండ ఉబికి గట్టి కాయవలె పెరుగును. దీనిని కీలాయిడ్ అందురు. గడ్డముమీద నాలుగు రోమము లున్నవని దిగులుపడి చికిత్సకు పోయిన కాలేజీ విద్యార్థిని, మచ్చలు కప్పుకొనుటకై ఓణీ చెంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని తరగతికి రావలసివచ్చిన, ఆమె దుఃఖము ఎట్టిదో ఊహింపవచ్చును.

అయితే ముదురురంగు చర్మమునకు లేజరు పనికిరాదని నిరాశపడవలసిన పని లేదు. గోధుమరంగు కాగితముపై సిరాచుక్కను మాత్రమే కాల్చు ఉపాయములను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి.

అందు ముఖ్యమైనది తరంగదైర్ఘ్యమును మార్చుట. మెలనిన్ అన్ని కాంతులను సమానముగా మ్రింగదు. తరంగదైర్ఘ్యము పెరిగినకొలది దాని ఆకలి తగ్గును. కెంపులేజరు కాంతిలో అది ఎంత మ్రింగునో, 1064 నానోమీటర్ల కాంతిలో అందు సుమారు నాలుగవ వంతు మాత్రమే మ్రింగును. ఈ 1064 నానోమీటర్ల కిరణము కంటికి కనబడదు. అది పరారుణ కిరణము. యిట్రియము, అల్యూమినియము కలిసిన ఒక స్ఫటికములో నియోడైమియము అను లోహమును స్వల్పముగా చేర్చి దీనిని పుట్టింతురు. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందిన ఈ యంత్రమునకు ఎన్‌డీ–యాగ్ లేజరు అని పేరు. దీని కిరణము పైపొరను అంతగా వేడిచేయక లోతుగా దిగి రోమమూలమును చేరును. లోతున నున్న రోమము దట్టమైన నలుపు గనుక, మెలనిన్ ఆకలి తగ్గినను అది మాడుటకు చాలినంత కాంతిని మ్రింగును. ముదురురంగు చర్మముపై రోమచికిత్సకు నేడు వైద్యులు దీనినే సురక్షితమైనదిగా ఎంచుచున్నారు. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజరు తెల్లనివారికి మిక్కిలి అనుకూలము. ముదురుచర్మమునకు అంత అనుకూలము కాదు. 810 నానోమీటర్ల ప్రాంతమున పనిచేయు డయోడ్ లేజరు ఈ రెంటికిని నడుమ నిలుచును. దానిని చామనచాయవారిపై వాడవచ్చును గాని, చాల మెలకువ కావలెను.

రెండవ ఉపాయము కాలమునకు సంబంధించినది. లేజరు ఒక్కొక్క మెఱుపుగా వెలువడును. ఆ మెఱుపును పల్సు అందురు. పలుచని బాహ్యచర్మము వేడెక్కినచో చల్లారుటకు మూడునుండి పది మిల్లీసెకండ్లు చాలును. లావుగానున్న రోమమూలము చల్లారుటకు కొన్ని పదుల మిల్లీసెకండ్లు పట్టును. పలుచని అట్టు త్వరగా చల్లారును. ఇడ్లీ లోపల వేడి నిలిచియుండును గదా. కాబట్టి పల్సును పొడిగించి కాంతిని నిదానముగా పంపినచో, బాహ్యచర్మము ఒకప్రక్క వేడెక్కుచునే మఱొకప్రక్క చల్లారుచుండును. రోమమూలములో మాత్రము వేడి పోగగును.

ఇక చల్లదనము. కిరణము పడుటకు ముందును, పడునప్పుడును, పడిన పిదపను చర్మమును చల్లబఱుచుదురు. కొన్ని యంత్రముల కొనయందు చల్లని నీలమణిపలక యుండును. అది చర్మమునకు ఆని వేడిని లాగివేయును. కొన్ని అతిశీతల ద్రవమును క్షణకాలము చిమ్మును. మఱికొన్ని చల్లనిగాలిని ఊదును. ఈ ఏర్పాటు చెడిపోయినప్పటికిని పట్టించుకొనక పని సాగించుట వలన ప్రమాదములు కలుగును.

వీటన్నిటికిని తోడు, శక్తిని తక్కువతో మొదలిడి క్రమముగా పెంచవలెను. తొందరపడినచో లాభము లేదు. రోమములన్నియు ఒక్కసారి పెరుగుదలలో నుండవు. పెరుగుచున్నవే కిరణమునకు లొంగును. అందుచే అనేక పర్యాయములు, వారముల ఎడముతో చికిత్స చేయవలసియుండును. తలపండిన వృద్ధుల తెల్లరోమములమీద ఏ లేజరును పనిచేయదు; వానియందు మ్రింగు మెలనిన్ లేదు. రోమము లెందుకు పెరిగినవో గూడ వైద్యుడు విచారింపవలెను. శరీరములోని గ్రంథుల స్రావము తారుమారైనందున పెరిగినవైనచో మూలకారణమునకు చికిత్స చేయక పైని కాల్చుట వ్యర్థము. దక్షిణాసియా వాసులలో కొందఱికి, ముఖ్యముగా ముఖముమీదను మెడమీదను, లేజరు తగిలినచోట రోమములు తగ్గుటకు మాఱుగా పెరుగుటయు కలదు. ఈ సంగతి రోగికి ముందుగా చెప్పుట ధర్మము.

చర్మమును వర్ణమునుబట్టి తరగతులుగా విభజించుటలోనే ఒక చిన్న చరిత్ర కలదు. దానిని తెలిసికొనుటకు తొలుత బావంచాలను గూర్చి చెప్పవలెను. బొల్లి మచ్చలకు బావంచగింజలను వాడి, ఆ భాగమును ఎండకు చూపుట భారతదేశమున ప్రాచీనకాలమునుండి వచ్చుచున్న వైద్యము. ఈజిప్టులో మఱొక మొక్కను అట్లే వాడుచుండిరి. 1948లో ఈజిప్టుదేశపు వైద్యుడు ఎల్ మొఫ్తీ ఆ మొక్కనుండి తీసిన శుద్ధపదార్థమును బొల్లికి వాడి ఫలితములను ప్రకటించెను. ఆ పదార్థమునే 1974లో అమెరికాలో అతినీలలోహిత దీపములతో జోడించి సోరియాసిస్ అను చర్మవ్యాధికి ప్రయోగించిరి. ఎవరికి ఎంత కాంతి ఇవ్వవలెనను ప్రశ్న వచ్చినది. జుట్టురంగు, కనుల రంగు చూచి నిర్ణయించినప్పుడు కొందఱి చర్మము కమలిపోయినది. అప్పుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అను చర్మవైద్యుడు 1975లో రోగిని అడుగుటకు రెండు ప్రశ్నలు ఏర్పఱచెను: ఎండలో చర్మము ఎంతగా కమలును? పిదప ఎంతగా నల్లబడును?

ఈ విభజనము మొదట తెల్లనివారికొఱకే ఏర్పడినది. అందు నాలుగు తరగతులే యుండెను. గోధుమరంగువారికి, నల్లనివారికి అయిదవ, ఆఱవ తరగతులు తరువాత చేర్పబడినవి. భారతీయులలో పెక్కుమంది నాలుగు, అయిదు తరగతులకు చెందుదురని వైద్యులు లెక్కింతురు. కాని ఒక కుటుంబములోనే పచ్చనివారును, చామనచాయవారును, నల్లనివారును ఉండు దేశమున ఒక్క అంకె ఎంత చెప్పగలదు? అంతేగాక ఒక మనిషి చర్మమే అన్ని కాలములయందు ఒక్కరీతిగా నుండదు. మే నెలలో పొలమునుండి వచ్చిన యువకుని ముంజేయి, చొక్కా క్రిందనున్న అతని భుజముకంటె ఎంతో నల్లగా నుండును. పుష్యమాసమున సరిపోయిన శక్తి జ్యేష్ఠమాసమున మచ్చలు తేగలదు. అందుచేతనే చికిత్సకు కొన్ని వారములు ముందునుండియు, తరువాత కొన్ని వారములు గడచువఱకును ఎండలో తిరుగరాదని, గొడుగును, సన్‌స్క్రీన్ లేపనమును విడువరాదని వైద్యులు పట్టుపట్టుదురు.

పచ్చబొట్టు సంగతియు చెప్పవలసియున్నది. తెలుగు పల్లెలలో పెద్దవారి ముంజేతులపై పచ్చబొట్లు నేటికిని కనబడును. ఇప్పటి యువకులు యంత్రములతో పొడిపించుకొనుచున్నారు. సైనిక నియామకములలో పచ్చబొట్లను గూర్చి నిబంధనలు ఉండుటవలన, తరువాత తీయించుకొనగోరి వచ్చువారును కలరు. ఇందు సిరారేణువులు రోమములకంటె ఎన్నోరెట్లు చిన్నవి గనుక పల్సును పొడిగింపక, సెకండులో వందకోట్లవ వంతులలో ముగియునట్లు చేయుదురు. రేణువులు పగిలి ముక్కలగును; శరీరమే వానిని మెల్లగా తొలగించును. నలుపు, ముదురునీలము బొట్లకు ఇచ్చటను 1064 నానోమీటర్ల కాంతియే అనుకూలము. ఎఱ్ఱసిరాను తీయుటకు 532 నానోమీటర్ల ఆకుపచ్చకాంతి కావలెను. ఆ కాంతిని మెలనిన్ సుమారు పదిరెట్లు అధికముగా మ్రింగును. అందుచేత ముదురుచర్మముపైని ఎఱ్ఱబొట్టును ముట్టుటకు అనుభవజ్ఞులును జంకుదురు.

ముఖముపైని మంగు విషయములో ఇంకను జాగ్రత్త కావలెను. మంగును లేజరుతో తీసినచో తొలుత తగ్గినట్లు కనబడి, పిదప మునుపటికంటె ముదురుగా తిరిగివచ్చుట కలదు. ఎండకు దూరముగా నుండుట, వైద్యుడిచ్చు లేపనములు వాడుట అనువానికే ఇందు మొదటి స్థానము.

బొల్లికి మాత్రము కాంతి నిజమైన మిత్రము. 311 నానోమీటర్ల ప్రాంతపు అతినీలలోహిత కాంతిని కొద్దికొద్దిగా, వారమునకు రెండు మూడు పర్యాయములు ఇచ్చినచో కోల్పోయిన రంగు అనేకులకు తిరిగివచ్చును. ఈ చికిత్సను గూర్చి 1997లో హాలండుదేశపు వైద్యులు మొదటిసారి ప్రకటించిరి. ముదురురంగు చర్మమున వచ్చిన బొల్లి ఎంత స్పష్టముగా కనబడునో, దానివలన ఆ మనిషి ఎంత బాధపడునో ఎఱిగినవారికి ఈ చికిత్స విలువ తెలియును.

కొన్ని యంత్రములు లేజరులే కావు. జినాన్ వాయువు నింపిన దీపమునుండి అనేక తరంగదైర్ఘ్యముల కాంతి ఒక్కసారి వెలువడును. అనవసరమైనదానిని వడపోతపలకలతో ఆపుదురు. ఆపగా మిగిలిన కాంతిలోగూడ మెలనిన్ ఇష్టముగా మ్రింగునది కొంత యుండుటచేత ముదురుచర్మమునకు ఇది మఱింత ప్రమాదకరము. ఇంటివద్ద వాడుకొనుటకు అంగళ్లలో అమ్ముడగు చిన్నయంత్రములలో చాలవఱకు ఈ జాతివే. మిక్కిలి నల్లని చర్మముపై వాడరాదని వానితో వచ్చు కాగితములోనే వ్రాసియుండును. ఆ కాగితమును చదువువారు కొద్దిమంది.

భారతదేశపు చర్మవైద్యుల సంఘమువారు 2008లో రోమచికిత్సకై నియమములు రూపొందించి తమ పత్రికలో ప్రకటించిరి. యంత్రము కొన్నవాడెల్ల వైద్యుడు కాడు. మంచి వైద్యుడు మొదట రోగి వాడుచున్న మందులను అడుగును. డాక్సీసైక్లిన్ వంటి కొన్ని మందులు చర్మమును కాంతికి సున్నితముగా చేయును. పూర్వము గాయమైనప్పుడు కీలాయిడ్ వచ్చినదా, మచ్చలు నిలిచినవా అని విచారించును. గదిలోనున్న ప్రతివారికిని, తనకును, ఆ కిరణమునకు తగిన కళ్లద్దములు పెట్టించును. 1064 నానోమీటర్ల కిరణము కనబడదు గనుక రెప్ప తనంతట మూతపడదు. అది కనుగ్రుడ్డు వెనుకనున్న పొరను తిరిగిరాని విధముగా కాల్చగలదు. మామూలు నల్లకళ్లద్దములు దానిని ఆపజాలవు.

అటుపిమ్మట వైద్యుడు చెవిక్రిందనో దవడప్రక్కనో మఱుగైన చోట రెండు మూడు మెఱుపులను మాత్రము వేసి, ఏ శక్తితో వేసినది పుస్తకములో వ్రాసికొని, రోగిని ఇంటికి పంపివేయును. వేసిన వెంటనే చర్మము బూడిదరంగుగనో తెల్లగనో మారినను, పొక్కు లేచినను, ఆ శక్తి ఎక్కువయైనదని తెలియును. కాని నల్లమచ్చ కొన్నిసార్లు దినములు, వారములు గడచినగాని బయటపడదు. అందుచే ముదురురంగు చర్మముగలవారిని కొన్ని వారముల పిదప రమ్మని చెప్పుదురు. అప్పుడు చెవిక్రింద ఏ మార్పును లేదని చూచిన తరువాతనే ముఖముపై చికిత్స మొదలిడుదురు.